ఏదో కొంచెం వాసన

(మల్కాజిగిరిలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం ఆదివారం సమావేశంలో, గ్యాస్ ఏజెన్సీలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన ఒకరు మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి, ఈ హాలుకి నా గొంతు చాలు. సిలిండర్లు మోసే పిల్లల్ని నాలుగో అంతస్తు నుంచి కేకేసి పిలిచిన గొంతు ఇది.

సెక్రటరీ గారు మొన్న ఫోన్ చేశారు. "మూడో అంతస్తులో గీజర్ దగ్గర ఏదో కొంచెం గ్యాస్ వాసన వస్తోందట అన్నా. మెకానిక్ వచ్చి చూసి ఏం లేదని పోయాడు. ఆవిడ మాత్రం వస్తోందనే అంటున్నారు. మీరొచ్చి అందరికీ నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను విన్న కంప్లయింట్లలో చాలావరకు ఇలాగే మొదలయ్యాయి. "గ్యాస్ లీకవుతోంది" అని ఎవరూ అనరు. "ఏదో", "కొంచెం", "నాకే అట్ల అనిపిస్తుందేమో" అంటారు. అనేది దాదాపు ఎప్పుడూ ఇంటి ఆడవాళ్లు. "ఏం లేదులే" అనేది దాదాపు ఎప్పుడూ మనమే.

నా సంగతే చెప్తాను. అప్పుడు మేం మౌలాలీలో అద్దెకుండేవాళ్లం. గీజర్ వాష్ ఏరియాలో ఉండేది. మా ఇంటావిడ నాలుగు రోజులు వరసగా చెప్పింది, పొద్దున్నే తలుపు తీస్తే వాసన వస్తోందని. "గ్యాస్ మెకానిక్ ఇంట్లో గ్యాస్ వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా, నా బట్టలకే ఉంటుంది" అని నేను జోకులు వేశాను. ఒకసారి వెళ్లి పీల్చి కూడా చూశాను. నాకేం రాలేదు. ఐదో రోజు జనగామ నుంచి మా బావమరిది వచ్చాడు. చెప్పులు ఇంకా విడవలేదు, గడపలోనే ఆగి, "ఏంది బావా, ఇల్లంతా గ్యాస్ కంపు కొడుతోంది" అన్నాడు.

సబ్బు నీళ్లు పెట్టి చూశాను. గీజర్ కింద గొట్టం బిగించే క్లిప్ ఉంటుంది కదా, దాని కిందే రబ్బరు చీలింది. వెంట్రుకంత. క్లిప్ కప్పేసింది కాబట్టి కంటికి కనపడదు. బుడగ మాత్రం ఉబ్బుతూ, పగులుతూ, మళ్లీ ఉబ్బుతూ ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. అననందుకే ఇప్పటికీ గుర్తుంది.

మరి నాకెందుకు రాలేదు? ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చేపల మార్కెట్లో అడుగుపెట్టగానే గుప్పుమనే వాసన పావుగంటకి ఉండదు చూడండి, అదే. నేను రోజంతా సిలిండర్ల మధ్య తిరిగి ఇంటికొచ్చేవాణ్ణి, నా ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది. అందుకే "ఇందాక వచ్చింది, ఇప్పుడు రావట్లేదు" అంటే గ్యాస్ పోయిందని లెక్క కాదు. మీ ముక్కు అలిసిపోయి ఉండొచ్చు. ఐదు నిమిషాలు బయట నిలబడి మళ్లీ లోపలికి రండి. లేదంటే ఎదురింటివాళ్లని పిలవండి, బయటి ముక్కు నిజం చెబుతుంది. జలుబు చేసినవాళ్లనీ, కోవిడ్ తర్వాత వాసన సరిగా తెలియనివాళ్లనీ సాక్ష్యానికి పిలవకండి.

అసలు గ్యాస్‌కి సొంత వాసన లేదు. సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. రెండూ వాసన లేనివే. ఆ కుళ్లు కంపు కావాలని కలిపింది, ఇథైల్ మెర్‌కాప్టాన్ అంటారు. 1937లో అమెరికాలో, టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో ఒక బడి పేలిపోయింది. వాసన కలపని సహజవాయువు బడి కింద పోగైతే ఎవరికీ తెలియలేదు. దాదాపు 300 మంది, ఎక్కువమంది పిల్లలే, పోయారు. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలిపి తీరాలనే చట్టాలు వచ్చాయి. మనం ముక్కు మూసుకునే ఆ కంపు అట్లా వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క ఉంది, కొంచెం ఓపిగ్గా వినండి. గాలిలో ఎల్పీజీ, అంటే ఈ సిలిండర్ గ్యాస్, సుమారు రెండు శాతానికి చేరితే అంటుకుంటుంది. తొమ్మిది, తొమ్మిదిన్నర శాతం దాటితే గాలి చాలక అంటుకోదు. ఈ మధ్యలోనే ప్రమాదం. వాసన ఎంత కలుపుతారంటే, ఆ రెండు శాతంలో ఐదో వంతుకే మామూలు మనిషికి తెలిసిపోవాలి. అంటే "ఏదో కొంచెం" అనిపించడం పొరపాటు కాదు, అట్లా అనిపించాలనే దాన్ని తయారుచేశారు. అప్పటికింకా టైం ఉంటుంది. ఆ టైం అంతా మనం "నీకే అనిపిస్తోంది" అనే వాదనకి ఖర్చుపెడతాం.

రెండు శాతం అంటే ఎంతో అనుకోకండి. ఎనిమిది అడుగులకి ఎనిమిది అడుగుల వంటిల్లు, తొమ్మిది అడుగుల ఎత్తు అనుకుందాం. దాంట్లో గాలి 16 ఘనపు మీటర్లు. అందులో రెండు శాతానికి ముప్పావు కిలో గ్యాస్ చాలు. నిండు సిలిండర్లో ఉండేది 14.2 కిలోలు. పైగా ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. గదంతా సమానంగా పరుచుకోదు, నీళ్లలాగా నేల మీద పాకుతుంది. కాబట్టి పాదాల దగ్గర ఆ రెండు శాతం ఇంకా తొందరగా వస్తుంది, మన ముక్కేమో ఐదడుగుల పైన ఉంటుంది.

పైపు గ్యాస్ దీనికి తిరగబడి ఉంటుంది. భాగ్యనగర్ గ్యాస్ కనెక్షన్ ఉన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది? ఆరుగురు... సరే. మీ గొట్టంలో వచ్చేది మీథేన్. అది తేలిక, పైకి లేస్తుంది, సీలింగ్ కింద చేరుతుంది. మీరు వెంటిలేటర్లు, పై కిటికీలు తెరవాలి. సిలిండర్ వాళ్లు బాల్కనీ తలుపు తెరవాలి, ఎందుకంటే తలుపు నేల దాకా ఉంటుంది, కిటికీ అట్లా ఉండదు. లీక్ డిటెక్టర్ కొనుక్కున్నా అంతే. సిలిండర్ ఇంట్లో నేలకి అడుగు ఎత్తులో పెట్టాలి, పైపు గ్యాస్ ఇంట్లో సీలింగ్ దగ్గర పెట్టాలి. ఒక ఇంట్లో ఎల్పీజీకి కొన్న డిటెక్టర్‌ని దేవుడి పటం పక్కన మేకు కొట్టి తగిలించారు. దేవుడికి తెలియాలేమో ముందు.

(నవ్వులు)

గీజర్ దగ్గరికి వద్దాం. పూర్వం నీళ్లు కాచుకోవడానికి బాయిలర్ ఉండేది, మా అమ్మమ్మ ఇంట్లో రాగిది. పెరట్లో ఉండేది. నడుమ గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. పొద్దున్నే ఎవరో ఒకరు కళ్లు మండుతూ ఊదేవాళ్లు. అది నిప్పు కాబట్టి పెరట్లో ఉండాలని అందరికీ తెలుసు, బాత్రూంలో పెట్టాలని ఎవరికీ తోచలేదు. గ్యాస్ గీజర్ కూడా నిప్పే. తెల్లగా, చిన్నగా, గోడకి తగిలించేట్టు ఉంది కాబట్టి మర్చిపోయాం.

అది ఎలా పనిచేస్తుందో చూడండి. కుళాయి తిప్పితే నీళ్ల ఒత్తిడికి లోపల ఒక రబ్బరు పొర కదులుతుంది. ఆ కదలికకి గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, అదే క్షణంలో బ్యాటరీ సెల్స్‌తో టక్ టక్ టక్ అని స్పార్క్ వస్తుంది. గ్యాస్ వచ్చాక స్పార్క్ అందుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో రవ్వంత గ్యాస్ మండకుండా బయటికి వస్తుంది. వెలిగేటప్పుడు ఒక్కసారి ముక్కుకి తగిలి పోయే వాసన ఇదే, దీనికి కంగారు అక్కర్లేదు. కానీ సెల్స్ వీకైతే ఆ క్షణం కాస్తా మూడు నాలుగు క్షణాలవుతుంది. అప్పుడు గుప్పున "భుమ్" అని వెలుగుతుంది. భుమ్ అంటే మామూలే అనుకోకండి. రెండు సెల్స్ మార్చండి. అప్పటికీ అలాగే ఉంటే బర్నర్‌లో దుమ్ము, సాలెగూళ్లు, మన దగ్గరైతే బొద్దింకలు. విప్పి శుభ్రం చేయించాలి.

కుళాయి కట్టేశాక కూడా వాసన వస్తే అది వేరే కథ. గీజర్ ఆడనప్పుడు వాసన రావడానికి కారణమే లేదు. వస్తోందంటే గ్యాస్ ఎక్కడో కారుతోంది. మన బోరు నీళ్లకి లోపల తెల్లగా ఉప్పు పేరుకుని ఆ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. గొట్టం చివర్లు వదులై ఉండొచ్చు. రెగ్యులేటర్ కూర్చునే చోట, సిలిండర్ మూతిలో చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది, అది అరిగిపోయో, అసలు లేకుండానో ఉండొచ్చు. కొత్త సిలిండర్ తగిలించిన రోజే వాసన మొదలైతే ముందు అనుమానించాల్సింది ఆ వాషర్‌నే. డెలివరీ అబ్బాయి చేతే అక్కడికక్కడ చూపించుకోండి, అడిగితే చూపిస్తారు.

మూడో అంతస్తు అమ్మ వచ్చారా? మీరేనా అమ్మా. మీకు ఎప్పుడొస్తోంది, వేడినీళ్లు పట్టేటప్పుడా, పట్టనప్పుడా? ... పొద్దున తలుపు తీయగానే. అంటే రాత్రంతా మూసి ఉంచితే పోగవుతోంది. మెకానిక్ ఎన్నింటికి వచ్చాడు? మధ్యాహ్నం, తలుపులన్నీ తీసి ఉన్నప్పుడు. సబ్బు నీళ్లు పెట్టాడా? పెట్టలేదు, వాసన చూసి పోయాడు. నాలాంటి ముక్కే అయ్యుంటుంది. అమ్మా, మీరు రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ నాబ్ ఆపేస్తున్నారా? స్టవ్‌ది ఆపుతారు, గీజర్ సిలిండర్‌ది ఆపరు. అందరిళ్లలో ఇంతే. ఈ రాత్రికి ఆపండి. మీటింగ్ అవగానే వస్తాను, మనిద్దరం కలిసి చూద్దాం.

సబ్బు నీళ్లు ఎట్లా పెట్టాలో ఇక్కడే చూపిస్తాను, అందుకే ఈ గిన్నె తెచ్చాను. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, నీళ్లు అర గ్లాసు, కలిపితే నురగ రావాలి. బర్నర్లు ఆపి, రెగ్యులేటర్ నాబ్ మాత్రం తెరవాలి. పాత టూత్ బ్రష్‌తో రెగ్యులేటర్ మెడ చుట్టూ, గొట్టం రెండు చివర్లలో, క్లిప్పుల కింద, గీజర్ నాజిల్ దగ్గర పూయాలి. పూసిన తర్వాత కదలకుండా ఒక నిమిషం చూడాలి. తొందరపడేవాళ్లకి ఇక్కడే తప్పుతుంది. సన్న లీకు బుడగ వెంటనే రాదు, ఆవగింజంత మొదలై నెమ్మదిగా పెసరగింజ అవుతుంది. అగ్గిపుల్ల గీసి చూసే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

బుడగ వస్తే నాబ్ ఆపండి, రెగ్యులేటర్ తీసేయండి, సిలిండర్‌కి దారంతో వేలాడే తెల్ల మూత ఉంటుంది చూడండి, సేఫ్టీ క్యాప్, అది నొక్కి పెట్టండి. ఆ మూతని చాలామంది కోసి పారేస్తారు, అడ్డమొస్తోందని. గొట్టం విషయానికొస్తే నారింజ రంగు సురక్షా గొట్టం, ఐఎస్ఐ మార్కు ఉన్నది, ఐదేళ్లకోసారి మార్చాలి. దాని మీదే తేదీ ఉంటుంది. ఒకే సిలిండర్‌కి టీ జాయింట్ పెట్టి స్టవ్‌కి, గీజర్‌కి పంచడం, గొట్టాన్ని గోడ కన్నంలోంచి దూర్చడం, ఇవి రెండూ మానేయండి. ఎలుకలు ఎక్కడ కొరుకుతాయో మీకే కనపడదు.

ఇక నిజంగా వాసన వచ్చినప్పుడు. ముందు నిప్పు ఆర్పండి, స్టవ్, అగరబత్తి, దీపం. దీపం ఆర్పకూడదంటారు, దేవుడు అర్థం చేసుకుంటాడు. రెగ్యులేటర్ ఆపండి. తలుపులు తీయండి. స్విచ్‌ల జోలికి వెళ్లకండి, వెయ్యొద్దు, ఆపొద్దు. ఆపితే మంచిదేగా అనుకుంటారు. స్విచ్ ఆపినప్పుడు కూడా లోపల చిన్న నిప్పురవ్వ వస్తుంది. చీకట్లో పాత స్విచ్ నొక్కి చూడండి, కనపడుతుంది. వాసన పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసేవాళ్లే ఎక్కువ, అదే పెద్ద తప్పు. కాలింగ్ బెల్ కొట్టి పక్కింటివాళ్లని పిలవకండి, తలుపు తట్టండి. ఫోన్ మెట్ల దాకా వచ్చాక తీయండి. గ్యాస్ లీకుకి 1906, రాత్రి పగలు పలుకుతుంది. మంటలుంటే 101. వాసన కొంచెం కాకుండా గుప్పుమంటూ ఉంటే ఈ సబ్బు నీళ్లు, బ్రష్షులు ఏమీ వద్దు. మనుషుల్ని తీసుకుని బయటికి వచ్చేయండి, అంతే.

అన్నట్టు, గ్యాస్ కాని గ్యాస్ వాసనలు కూడా ఉన్నాయి. వాడని బాత్రూంలో నహానీ ట్రాప్, అంటే నేల మీద జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె, ఎండిపోతే డ్రైనేజీ కంపు పైకి వస్తుంది. ఒక మగ్గు నీళ్లు పోస్తే పోతుంది. ఉల్లిగడ్డల బుట్టలోనో, ఆలుగడ్డల సంచిలోనో అడుగున ఒకటి కుళ్లినా అచ్చం ఇదే వాసన, కుత్బుల్లాపూర్‌లో ఒకసారి మూడు గంటలు వెతికి చివరికి ఆలుగడ్డ సంచి పట్టుకున్నాం. కరెంటు గీజర్ ఉన్న ఇళ్లలో వేడినీళ్లలోంచి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ట్యాంకులో తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ పెడతారు, మన బోరు నీళ్లలోని సల్ఫేట్లకి, కొన్ని రకాల బ్యాక్టీరియాకి, ఆ కడ్డీకి మధ్య జరిగే వ్యవహారం అది. చన్నీళ్ల కుళాయి మామూలుగా ఉండి, వేడినీళ్ల కుళాయికే వస్తే అదే అనుకోండి. సిలిండర్ అడుగంటినప్పుడు కూడా వాసన పెరుగుతుంది. మెర్‌కాప్టాన్ గ్యాస్ అంత తేలిగ్గా ఆవిరవదు, అడుగున మిగిలిపోయి చిక్కబడుతుంది. ఇవన్నీ చెప్పాను కదా అని వాసన రాగానే "ఉల్లిగడ్డే అయ్యుంటుంది" అనకండి. ముందు గ్యాస్ కాదని తేల్చుకుని, తర్వాత బుట్ట వెతకండి.

ఇప్పటిదాకా వాసన వచ్చే దాని గురించి చెప్పాను. నాకు ఎక్కువ భయం వాసన రాని దానితో.

బాత్రూం లోపల గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. మొహమాటం వద్దు. ... నలుగురు. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లిచ్చే గీజర్ గంటకి దాదాపు కిలో గ్యాస్ తాగుతుంది. కిలో గ్యాస్ మండాలంటే 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. మన బాత్రూం ఐదడుగులు, ఏడడుగులు, ఎత్తు ఎనిమిది అడుగులు వేసుకోండి. మొత్తం గాలి ఎనిమిది ఘనపు మీటర్లు. తలుపు గడియ పెట్టి, డిసెంబరు చలికి వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టి, పావుగంట వేడినీళ్లు వదిలితే ఆ గాలిలో మూడో వంతు పైన మంటకే పోతుంది. గాలి చాలని మంట పసుపు పచ్చగా మారి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మెర్‌కాప్టాన్ మంటలోనే కాలిపోతుంది కాబట్టి అది కూడా మనకి చెప్పదు. ఈ కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, కాళ్లలో బలం పోవడం. బయటికి రావాలనుకున్నా గడియ దాకా చెయ్యి లేవదు.

అమీర్‌పేటలో ఒక హాస్టల్‌కి వాల్వ్ రిపేర్ కోసం వెళ్లాను. ఒక పిల్లాడు మంచం మీద కూర్చుని సోడా తాగుతున్నాడు. ఏమైందంటే, "గ్యాస్ అంకుల్, రోజూ స్నానం చేయగానే తల తిప్పుతోంది" అన్నాడు. కడుపులో గ్యాస్ అనుకున్నాడు. నేను బాత్రూం చూశాను. గీజర్ పైన గోడ నల్లగా మసిబారి ఉంది. మంట పసుపు. వెంటిలేటర్‌కి పాలిథిన్ కవర్ అంటించారు. ఆ అబ్బాయికి రూంమేట్స్ తలుపు బాదుతుంటారు కాబట్టి ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేసేవాడు. వాళ్ల తొందరే వాణ్ణి కాపాడింది. ఆ రోజే గీజర్ విప్పించి బాల్కనీలో బిగించాను, వార్డెన్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ నలుగురూ గీజర్‌ని బయటికి, వాష్ ఏరియాకో బాల్కనీకో మార్చుకోండి. వేడినీళ్ల పైపు ఒకటి లోపలికి లాగితే సరిపోతుంది. మార్చేదాకా తలుపు బార్లా తీసి బకెట్లు నింపుకోండి, గీజర్ ఆపండి, కాసేపాగి అప్పుడు తలుపు వేసుకుని స్నానం చేయండి. మంట నీలంగా ఉందో లేదో వారానికోసారి చూడండి. ఎల్పీజీ డిటెక్టర్ ఉంది కదా అనుకోవద్దు, అది మోనాక్సైడ్‌ని పట్టదు, దానిది వేరే అలారం.

ప్రశ్నలుంటే అడగండి. ... చెప్పండి సార్. కరెంటు మెయిన్ ఆపేస్తే మంచిది కదా అంటున్నారు. ఇంట్లోది వద్దు. బయట దూరంగా ఉంటే ఆపొచ్చు. మీ మీటర్ బోర్డులు ఎక్కడున్నాయి? సెల్లార్‌లో, లిఫ్ట్ పక్కన. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లన్నీ ఇంతే. ఎల్పీజీ కిందికి పాకుతుందని చెప్పాను కదా, దానికి దొరికే ఆఖరి పల్లం సెల్లారే, దానికంటే పల్లం లిఫ్ట్ గుంత. ఒక్క మాట అడుగుతాను, మీ వాచ్‌మన్ కుటుంబం వంట ఎక్కడ చేసుకుంటారు?

... సెల్లార్‌లోనే. మెట్ల కింద. సిలిండర్ మీటర్ల పక్కనే ఉంటుందా? పక్కనే.

టీ తర్వాత తాగుదాం సెక్రటరీ గారూ. అమ్మా, మీ మూడో అంతస్తుకి ఒక పది నిమిషాలాగి వస్తాను, ముందు కిందికి పోయి చూద్దాం. ఈ సబ్బు నీళ్ల గిన్నె ఎవరైనా పట్టుకోండి. టార్చి ఉందా ఎవరి దగ్గరైనా? ఇక్కడే వెలిగించుకుని రండి, కిందికి దిగాక కాదు.